పాత రేకుల క్రింద కోళ్ళు: వానకు సరే, మరి ఎండకు?



పాత కొట్టం విప్పినప్పుడో, షెడ్డు కప్పు మార్చినప్పుడో, వెలుతురు కోసం నడుమ నడుమ వేసిన ప్లాస్టిక్ రేకులు గోడకు ఆనించి ఉండిపోతాయి. ఇంటిమీద వేయడానికి అవి పనికిరావు, పారవేయడానికి మనసొప్పదు. వాటితో కోళ్ళ దొడ్డికి కప్పు వేసుకోవచ్చునా అని కొందరు తల్లులు మమ్మల్ని అడుగుతున్నారు. తప్పక వేసుకోవచ్చు. అయితే ఒక్క మాట ముందే మనవి చేస్తున్నాము. వానాకాలంలో కోడిని కాపాడిన రేకే ఎండాకాలంలో దాని ప్రాణం తీయగలదు. ఈ రెండు కాలాలనూ మనసులో పెట్టుకొని కప్పు వేసినవారికే మేలు.

పది కోళ్ళంటే పల్లె ఇంటికి చిన్న సంగతి కాదు. పిల్లల నోటుపుస్తకాలు, సబ్బు, నూనె, ఆసుపత్రికి బస్సు చార్జీ ఎన్నో ఇండ్లలో గుడ్లమ్మిన డబ్బుతోనే గడుస్తాయి. ఆ డబ్బు ఇల్లాలి చేతిలో ఉండే డబ్బు. ఒక్క మధ్యాహ్నం నాలుగు కోళ్ళు పోతే ఆ నష్టం ఆమెకే తెలుస్తుంది.

వెనుకటి రోజుల్లో కప్పు గురించి ఇంత ఆలోచన లేదు. పగలు కోళ్ళు పెంటకుప్పల మీద తిరిగేవి, మాపటికి గంప క్రింద కమ్మేవారు. ఇప్పుడు కుక్కలు పెరిగాయి, ఇండ్ల నడుమ జాగా తగ్గింది. దానికి తోడు హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసం వనరాజా, గ్రామప్రియ రకాలను తయారుచేసింది. వనరాజా బరువైన పక్షి. మన నాటుకోడిలాగా గద్దను చూడగానే ఎగిరి తప్పించుకోలేదు. కనుక చుట్టూ జాలీ, పైన కప్పు ఉన్న దొడ్డి అవసరమైంది.

కప్పుతో ఇంకొక మేలు కూడా ఉంది. ఎగిరే పక్షుల రెట్టలు మేతలో, నీళ్ళలో పడవు. 2006 ఫిబ్రవరిలో మహారాష్ట్రలోని నవాపూర్‌లో మన దేశంలో మొదటిసారి బర్డ్ ఫ్లూ బయటపడింది. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల కోళ్ళ ఫారాలలోనూ అది కనిపించింది. అడవి పక్షుల రెట్టల ద్వారా కూడా ఈ జబ్బు సోకుతుంది. అయితే కప్పు టీకాకు బదులు కాదు. కొక్కెర రోగానికి మొదటి వారంలో లసోటా చుక్కలు, ఎనిమిదవ వారంలో రెక్క క్రింద సూది వేయించవలసిందే.

రేకును ముందు పరీక్షించండి

పాత కుప్పలో అన్నీ ఒకే రకం ఉండవు. గాజునారతో చేసిన ఫైబర్ రేకు పాతబడితే గోధుమ రంగుకు తిరిగి, పైన నూగు లేస్తుంది. చేయి తగిలితే దురద పుడుతుంది. పి.వి.సి. రేకు పెళుసెక్కుతుంది. పాలికార్బొనేట్ రేకు గట్టిది. దాని ఒక ముఖానికి ఎండను తట్టుకొనే పూత ఉంటుంది. ఇంతకు మునుపు ఏ ముఖం ఆకాశం వైపు ఉన్నదో, తిరిగి ఆ ముఖమే పైకి రావాలి.

రేకు మూలను మెల్లగా వంచి చూడండి. టప్పున పగిలితే దాని ఆయువు తీరినట్టే. ఎండకు ఎత్తి పట్టుకొని చూస్తే వెంట్రుక వంటి పగుళ్ళు తెలుస్తాయి. పొట్టు రాలే రేకును వాడవద్దు, కోళ్ళు మెరిసే ముక్కలను ఏరుకొని తింటాయి. పురుగుమందులు, ఎరువులు నిలువచేసిన కొట్టం మీది రేకులైతే సబ్బునీళ్ళతో బాగా కడగాలి. ఫైబర్ రేకును తుడిచేటప్పుడు తడిగుడ్డ వాడండి, ముక్కుకు గుడ్డ కట్టుకోండి. పనికిరాని ముక్కలను పొయ్యిలో కాల్చకండి. ముఖ్యంగా పి.వి.సి. కాలితే విషవాయువు పుడుతుంది.

అదే కుప్పలో బూడిదరంగు సిమెంటు రేకులు ఉంటే ఇంకా జాగ్రత్త. పాతవాటిలో ఎక్కువగా ఆస్బెస్టాస్ నార ఉంటుంది. కోసినా, పగులగొట్టినా, రంధ్రం చేసినా ఆ ధూళి ఊపిరితిత్తులలోకి పోతుంది. దానివల్ల వచ్చే క్యాన్సరు వంటి జబ్బులు ఎన్నో ఏండ్ల తరువాత బయటపడతాయి. వాటిని కోళ్ళ దొడ్డికని ముక్కలు చేయకండి, ఆ ముక్కలను వాకిట్లో గుంతలు పూడ్చడానికి పోయకండి.

విప్పేటప్పుడు పాత రేకు మీద ఎవరినీ కాలు పెట్టనివ్వకండి. దుమ్ము పట్టిన తరువాత ఏది ప్లాస్టికో, ఏది సిమెంటో పైనుంచి తెలియదు, రెండూ మనిషి బరువు ఆపవు. నిచ్చెన మీద నిలబడి విప్పాలి. పైకి ఎక్కక తప్పకపోతే దూలాల మీద ఆనేటట్టు బల్ల వేసుకొని దాని మీదనే నడవాలి. ఇల్లు కట్టినవాడు మిద్దెకు పిట్టగోడ కట్టాలని మోషే ధర్మశాస్త్రం చెప్పింది మనకు తెలుసు. కోళ్ళ దొడ్డి కప్పుకు కూడా ఆ బాధ్యత ఉంది.

కప్పు వేసే పద్ధతి

పది కోళ్ళకు పగలు తిరగడానికి 10 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు జాగా చాలు. ఎత్తయిన వైపు 7 అడుగులు, దిగువ వైపు 5 అడుగులు ఉంటే నీరు నిలువదు, గాలి ఆడుతుంది. గుంజలు 2 అడుగులు భూమిలో దిగాలి. ఆదిలాబాద్ వైపు వెదురు బొంగులు దొరుకుతాయి. భూమిలో దిగే కొసకు తారు పూస్తే చెదలు త్వరగా పట్టవు. పాత రేకుకు బలం తక్కువ కనుక అడ్డవాసాలు రెండున్నర అడుగులకు ఒకటి చొప్పున వేయండి.

మన జిల్లాలలో వానగాలి ఎక్కువగా పడమటి నుండి వస్తుంది. కనుక తూర్పు కొస నుండి మొదలుపెట్టి, ప్రతి కొత్త రేకు అంచును వెనుకటి దాని మీద ఒకటిన్నర అల మేర కప్పుతూ పడమటికి రండి. అప్పుడు గాలి అతుకు క్రిందకు దూరదు. రంధ్రం అల మిట్ట మీద చేయాలి, పల్లంలో చేస్తే నీరు కారుతుంది. ఎండకు ప్లాస్టిక్ సాగుతుంది కనుక రంధ్రం బోల్టు కంటే కొంచెం పెద్దదిగా ఉండాలి. పాత సైకిలు ట్యూబును బిళ్ళలుగా కత్తిరించి వాషర్ల క్రింద పెట్టండి. బోల్టును మరీ బిగించితే అక్కడే పగులుతుంది. పైన అడ్డంగా రెండు వరుసల తీగ లాగి గుంజలకు కట్టండి. గాలిదుమారంలో లేచిన రేకు పొరుగింటి బిడ్డ మీద పడకుండా ఆ తీగే కాపాడుతుంది.

రాళ్ళవానకు మాత్రం పాత ప్లాస్టిక్ నిలువలేదు. 2023 మార్చిలో కరీంనగర్ జిల్లా రామడుగు ప్రాంతంలో పంటలను నేలపాలు చేసిన రాళ్ళవాన అందరికీ గుర్తుంది. రేకు క్రింద కూడా జాలీ పరచి ఉంటే, పగిలిన ముక్కలు కోళ్ళ మీద పడవు, గద్దకు దారీ దొరకదు.

కప్పు మీది నీళ్ళను కూడా లెక్కలో పెట్టుకోండి. 100 చదరపు అడుగుల కప్పు మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే 90 లీటర్లకు పైగా నీరు దిగుతుంది. అది దొడ్డిలోకి పారితే కప్పు వేసి లాభం లేదు. తడిసిన నేలలో రెట్ట కుళ్ళి ఘాటైన వాయువు లేస్తుంది, పిల్లలకు రక్తవిరేచనాల జబ్బు పుట్టించే క్రిములు తడిలోనే బలపడతాయి. చీల్చిన బొంగుతోగాని, సగానికి కోసిన పైపుతోగాని నీటిని కూరమడికి మళ్ళించండి. నేల మీద వరిపొట్టు మూడు నాలుగు అంగుళాలు పరచి, అప్పుడప్పుడు తిరగవేయండి.

ఎండాకాలం మాట

ఇక ముందు చెప్పిన ముఖ్య సంగతికి వస్తున్నాము. కోడికి చెమట పట్టదు. దాని ఒంటివేడి సహజంగానే 41 డిగ్రీలకు పైన ఉంటుంది. నోరు తెరచి రొప్పడం, రెక్కలు దూరంగా పెట్టడం తప్ప చల్లబడే మార్గం దానికి లేదు. కరీంనగర్, రామగుండం, మంచిర్యాల, ఆదిలాబాద్ ప్రాంతాలలో మే నెలలో ఎండ 45 డిగ్రీలు దాటడం మనం చూస్తున్నదే. వెలుతురునిచ్చే రేకు ఎండను లోపలికి వదులుతుంది, నేల కాగుతుంది, రేకు కూడా కాగి క్రిందికి సెగ కొడుతుంది. పక్కలకు గోనెలో పరదాలో పూర్తిగా కట్టి ఉంటే దొడ్డి పొయ్యి అవుతుంది.

కనుక దొడ్డి అంతటికీ ప్లాస్టిక్ వేయకండి. మూడు వంతులలో ఒక వంతుకు, అంటే మేత, నీరు పెట్టే చోటికి వేస్తే చాలు. మిగిలినదానికి జాలీ వేసి, నీరు పెట్టగలిగితే సొర తీగనో, చిక్కుడు తీగనో పందిరిగా ఎక్కించండి. కప్పు పొడవు తూర్పు పడమరలుగా ఉంటే ప్రొద్దుటి ఎండ, సాయంత్రపు ఎండ లోపలికి తక్కువగా పడతాయి.

మార్చి నెల రాగానే రేకు పైముఖానికి చిక్కగా సున్నం పూయండి. తెలుపు ఎండను తిప్పికొడుతుంది. జూన్ వానలకు ఆ సున్నం కొట్టుకొనిపోయి, వెలుతురు కావలసిన ముసురు రోజులకు రేకు మళ్ళీ తేటపడుతుంది. వెలుతురు తగ్గితే గుడ్లు తగ్గుతాయి కనుక ఇది రెండు విధాల లాభం. సున్నం మీద వరిగడ్డి గాని, తాటాకు గాని పరచి కట్టితే ఇంకా చల్లన. థర్మోకోల్ మాత్రం వాడకండి, కోళ్ళు దానిని పొడుచుకొని తింటాయి.

మధ్యాహ్నం పడమటి వైపు జాలీకి తడిగోనె వేలాడదీయండి, మిగతా వైపులు తెరచి ఉంచండి. నీళ్ళు మట్టిపాత్రలో, నీడలో పెట్టి, పూటకొకసారి మార్చండి. ఎండకు కోడి రెండింతల నీరు త్రాగుతుంది. మేత చల్లటి వేళల్లోనే వేయండి.

చలికాలంలో ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు రాత్రి చలి 5 డిగ్రీలకు దిగిన రోజులున్నాయి. అప్పుడు అదే గోనెను పొడిగా ఉత్తరం వైపు కట్టండి. ఏ కాలంలోనైనా రాత్రికి కోళ్ళను గట్టి గూట్లోనే మూయాలి. ముంగిసకు, అడవి పిల్లికి పెద్ద కన్నుల జాలీ అడ్డం కాదు.

మే నెలలో ఒక రోజు రెండు గంటలకు ఆ కప్పు క్రింద మీరే పావుగంట కూర్చుని చూడండి. మీరు కూర్చోలేని చోట కోడి కూడా ఉండలేదు. అలాగైతే ఆ సాయంత్రమే రెండు రేకులు తీసివేసి గడ్డి కప్పండి. మీ దొడ్డిలో ఏ పద్ధతి నిలిచిందో మాకు వ్రాయండి, పదిమందికి ఉపయోగపడుతుంది.