కారుచున్న కారు



పసుపు మన యింట నెన్నియో అక్కరలకు వచ్చును. గడపకు రాయుదుము, కూరలో వేయుదుము. కాని కారు రేడియేటరులో గూడ పసుపు పోయుదురని నేను గత సంవత్సరము వరకు నెరుగను. ఆ పసుపు మాకు దెచ్చిన చిక్కును, దానివలన నేర్చిన పాఠమును ఈ మాసమున మీకు విన్నవించుచున్నాను.

మా మామగారు మిగిల్చిపోయిన అంబాసిడరు కారు మా యింట నున్నది. ఉత్తరపరా కర్మాగారమున 2014లో ఆ కార్ల నిర్మాణము నిలిచిపోయినను, మాది యింకను తిరుగుచున్నది. బడిపంతులు జీతముతో క్రొత్తకారు కొనుట మాకు తరము గాదు. అత్తగారిని నెలనెలా వైద్యుని కడకు గొనిపోవుట కిదియే ఆధారము.

గత వేసవిలో రేడియేటరులోని నీరు దినదినము తగ్గుచుండెను. ప్రొద్దుట నొక చెంబెడు పోయుట మాకు వాడుకయై పోయినది. ఒక మేస్త్రి వచ్చి, నాచేత గుప్పెడు పసుపు తెప్పించి, రేడియేటరులో గలిపి, "ఇక కారదమ్మా" అనెను. నిజముగనే పది దినములు కారలేదు. పదునొకండవనాడు అత్తగారితో వైద్యుని కడకు బోవుచుండగా నడిదారిలో బోనెట్టు క్రిందనుండి ఆవిరి చిమ్మెను. మావారు తొందరపడి మూత త్రిప్పగనే సలసల కాగిన నీరెగసి మణికట్టు కాలెను. దైవికముగ దగ్గర నొక బోరింగు ఉండెను. ఇరువది నిమిషములు చన్నీటిధార క్రింద చేయి పెట్టించితిని. అయినను నెలదినములు వారు సుద్దముక్క పట్టలేకపోయిరి.

జరిగినదేమి? పసుపు చీలికను మూసినట్లే రేడియేటరులోని సన్నని నాళములను గూడ మూసినది. నీరు చల్లబడు త్రోవ లేక ఇంజను కాగిపోయినది. మన ప్రెషరుకుక్కరు వలెనే రేడియేటరు కూడ మూతబిగువున ఒత్తిడిని నిలుపుకొనును. అందుచేత లోని నీరు 100 డిగ్రీలు దాటినను మరుగదు. మూత తీయగనే ఒత్తిడి పోయి, ఒక్కపెట్టున ఆవిరియై పైకి లేచును. ఒక పాలు నీరు ఆవిరియైనచో సుమారు 1,700 పాళ్ల చోటు గోరును. చల్లారనిది కుక్కరుమూత తీయని మనము కారుమూత నెట్లు తీయనిత్తుము? ఇంజను పూర్తిగ చల్లారువరకు ఆగవలసినదే. కాగిన ఇంజనులో చన్నీరు పోసినచో ఇనుము పగులవచ్చును గూడ.

పిమ్మట వచ్చిన మేస్త్రి వృద్ధుడు. ఆతడు మందునకు బదులు మొదట నొక అట్టముక్క నడిగెను. రాత్రి దానిని ఇంజను క్రింద పరచి, తెల్లవారి తడి యెచ్చట బడెనో చూచెను. రేడియేటరు క్రింద తడియున్న లోపము రేడియేటరులోనో, రబ్బరుగొట్టములలోనో, వాని క్లిప్పులలోనో ఉండును. ఇంజను ప్రక్కల క్రింద నున్నచో, అచ్చట బిగించిన గుండ్రని రేకుబిళ్లలు తుప్పుపట్టి యుండవచ్చును. మా తడి ఫంకా వెనుక నుండెను. అచ్చట వాటరుపంపు క్రింద నొక చిన్నరంధ్ర ముండును. లోపలి సీలు అరిగినపుడు నీరు దానిగుండ దిగును. "మూయరాదమ్మా, అది మనకు చెప్పుటకే పెట్టినది" అనెను. పంపు మార్చి, పాత గాస్కెట్టును గీకి క్రొత్తది వేసి, పచ్చనినీరు పోవువరకు రేడియేటరును రెండువైపులనుండి కడిగెను.

బయట చుక్క కనపడకయే నీరు తగ్గుచున్నచో మిక్కిలి జాగ్రత్త వహింపవలెను. నూనెపుల్ల తీసిచూడగా నూనె మజ్జిగవలె తెల్లబారినను, పొగగొట్టమున తెల్లనిపొగ విడువక వచ్చుచున్నను, హెడ్డు గాస్కెట్టు చెడి నీరు ఇంజనులోనికే పోవుచున్నదని అనుమానింపవలెను. అట్టి కారును నడుపరాదు. హెడ్డు విప్పి, దాని సమత చూచి బిగించుట నేర్పరి పని.

ఇప్పుడు మేము బావినీరు పోయుట మానితిమి. దానివలన సున్నపుపొర గట్టును. శుద్ధజలమును కూలెంటును సమపాళ్లుగ కలిపి పోయుచున్నాము. తుప్పు తగ్గును. కాని తల్లులొక సంగతి మరువరాదు. సాధారణముగ కూలెంటులో నుండు ఎథిలీను గ్లైకాలు తియ్యగ నుండును, మూత్రపిండములను చెరచు విషము. పిల్లలకు అందని చోట తాళము వేసి దాచవలెను. తీసిన పాతనీటిని పళ్లెములో నుంచినచో కుక్కలు, దూడలు త్రాగును.

మీ యింట నిట్టి పాతకారుండి, ప్రతిదినము చెంబెడు నీరు త్రాగుచున్నచో, నేటిరాత్రియే ఒక అట్టముక్క పరచి చూడుడు. పసుపుడబ్బా మాత్రము వంటయింట నుండి కదలనీయకుడు.