డిగ్రీ చదివిన కూలిబిడ్డ మన సంఘానికి పరాయివాడా?

తెల్లవారుజామున శ్రీకాకుళం రోడ్డు స్టేషనుకు వెళ్లి చూడండి. పేరు శ్రీకాకుళానిదే గాని ఊరు మన ఆమదాలవలస. విశాఖ వైపు పోయే బండి కోసం రెండు రకాల జనం కనిపిస్తారు. గిన్నెలూ దుప్పట్లూ మూటగట్టుకుని వలసపోయే కూలీలు కొందరు. ప్లాస్టిక్ కవరులో డిగ్రీ సర్టిఫికెట్లు పట్టుకుని ఉద్యోగం వెతుక్కోను పోయే కుర్రవాళ్లు కొందరు. వివరం అడిగితే తేలేదేమిటి? ఆ మూటలవాళ్ల ఇళ్లలోంచే ఈ కవర్లవాళ్లూ వచ్చారు.

ఉడుపుల్లో నడుం వంచిన తల్లీ, కళ్లంలో నూర్పులు చేసిన తండ్రీ తమ బిడ్డ మళ్లీ ఆ మడిలో దిగకూడదనే చదివించారు. ఫీజు ప్రభుత్వం ఇస్తానన్నా బస్సు ఖర్చూ, పుస్తకాలూ, హాస్టలూ అప్పుతోనే గడిచాయి. తీరా చదువయ్యాక ఆ బిడ్డ ఇంట్లో తల దించుకు కూచుంటున్నాడు. పొలానికి పోతే "ఇందుకేనా సదివించినాం?" అంటారు. పోకపోతే "తిని కూకుంతన్నాడు" అంటారు.

దీనికి బాధ్యులెవరు? పిల్లలకు నైపుణ్యం లేదని పాలకులు సులువుగా చెప్పేస్తున్నారు. లెక్కలు చూద్దాం. అంతర్జాతీయ కార్మిక సంస్థ పాలుపంచుకుని 2024లో వెలువరించిన భారత ఉపాధి నివేదిక ప్రకారం, 2022లో చదవను రాయను రాని యువతలో నిరుద్యోగం 3.4 శాతం, డిగ్రీ చదివినవారిలో 29.1 శాతం. అయితే చదువు దండగేనా? కాదు. చదువు లేనివాడికి మంచి పని దొరికిందని ఈ అంకె చెప్పడం లేదు. ఒక్క పూట ఖాళీగా ఉంటే పొయ్యి వెలగదు గనుక అతను ఏ కూలికైనా పోతున్నాడు. అంతే.

2018 డీఎస్సీ తర్వాత ఏడేళ్లపాటు మరో డీఎస్సీ పూర్తి కాలేదు. 2025లో 16,347 టీచరు పోస్టులు ప్రకటిస్తే 3 లక్షల 30 వేల మందికి పైగా దరఖాస్తు పెట్టారు. ఇన్ని లక్షల మందికీ నైపుణ్యం లేదా, లేక కొలువులే లేవా? మన ఊళ్లోనే సహకార చక్కెర ఫ్యాక్టరీ ఉండేది. చెరుకు నరికే కూలీకీ, తూకం రాసే గుమస్తాకీ అదే అన్నం పెట్టింది. అది మూతపడి రెండు దశాబ్దాలు దాటింది.

ఇక మిగిలినవి పైడిభీమవరం, పరవాడ, అచ్యుతాపురం మందుల ఫ్యాక్టరీలు. అక్కడ కెమిస్ట్రీ చదివిన పిల్లలు సైతం కాంట్రాక్టరు చేతి కింద బతకాల్సి వస్తోంది. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లో జరిగిన ప్రమాదంలో 17 మంది చనిపోయారు. వారిలో యువ ఇంజనీర్లూ ఉన్నారు.

పాలకుల తప్పు చెప్పాక మన తప్పూ చెప్పుకోవాలి. మాకు తెలిసిన ఒక కూలి కుటుంబం ఔట్‌సోర్సింగ్ ఉద్యోగం ఇప్పిస్తానన్న దళారిని నమ్మి, పాడిగేదెను అమ్మి డబ్బు కట్టింది. వాడిచ్చిన ఆర్డరు కాగితం దొంగదని ఆఫీసు గుమ్మం దగ్గర తేలింది. తండ్రి పాతికేళ్లుగా సంఘ సభ్యుడు. కొడుకు ముందే మాతో ఒక మాట అని ఉంటే ఆపేవాళ్లం. ఎందుకనలేదు? సంఘం నాన్నది, నాది కాదనుకున్నాడు. అలా అనుకోనిచ్చింది మనమే. పారపట్టిన చేతులనే లెక్కబెట్టాం, కలం పట్టిన చేతిని వదిలేశాం.

సంఘం ఉద్యోగాలు పుట్టించలేదు. ఆ మాట దాచం. కాని చేయగలిగింది చాలా ఉంది. మొదట ప్రతి ఊళ్లో ఎవరు ఏం చదివారు, ఏ కాగితం లేక ఆగిపోయారు అన్న జాబితా రాయాలి. ఫీజు బకాయి పేరుతో కాలేజీ సర్టిఫికెట్టు ఆపితే కుర్రవాణ్ణి ఒక్కణ్ణే పంపక పదిమందిమీ కలిసి వెళ్లాలి. డబ్బు అడిగిన ఉద్యోగం ఉద్యోగం కాదని వాడవాడలా చెప్పాలి. పనిలో చేరేముందు నియామక పత్రం, పీఎఫ్, ఈఎస్ఐ అడగడం నేర్పాలి. 2025 నవంబరు 21న అమల్లోకి తెచ్చిన కార్మిక కోడ్‌లను కార్మిక సంఘాలు వ్యతిరేకిస్తున్నాయి. అయినా నియామక పత్రం ఇచ్చి తీరాలని వాటిలోనే రాసి ఉంది. ఆ ఒక్క మాటనైనా పట్టుకుని నిలదీయాలి. ఫ్యాక్టరీల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకే ఇవ్వాలని 2019లో రాష్ట్ర శాసనసభ చట్టం చేసి, మూడేళ్ల గడువు పెట్టింది. ఎన్ని గేట్ల దగ్గర మనం ఆ లెక్క అడిగాం?

చదువుకున్న తమ్ముళ్లకూ, చెల్లెళ్లకూ ఒక మాట. ఉద్యోగం వచ్చేదాకా నాన్నతో మడిలో దిగితే సిగ్గుపడకండి. మీకు పని చూపలేని పాలకులు పడాలి సిగ్గు. మస్టరులో అమ్మ పేరు సరిగా పడిందో లేదో చదివి చెప్పండి. సంఘానికి అర్జీ రాసిపెట్టండి. మీ చదువుతో మాకు పనుంది. ఖాళీ పోస్టులన్నీ నింపాలని జరిగే పోరాటంలో మీ ముందు మేం నడుస్తాం.

వచ్చే ఉడుపులు మొదలయ్యేలోగా ఆ జాబితాలు రాయండి. స్టేషనులో ఆ మూటా, ఆ కవరూ వేరువేరుగా కూచున్నంత కాలం దళారికీ, కాంట్రాక్టరుకీ పండగే. ఒకచోట కూచోబెట్టే బాధ్యత మనదే.