కుక్కకు గాయం, పిలగానికి కేసు.. పంది మాత్రం మళ్ల మక్క చేన్లనే!

ఫోన్ తెరిస్తే చాలు, ఏదో ఒక వేట రీలు కండ్ల పడుతది. రాత్రిపూట, తలకు కట్టుకున్న లైట్ల ఎలుగుల పొద కనబడుతది. నాలుగైదు కుక్కలు చుట్టుముడుతయి. నడుమల అడవి పంది. ఎనుక డీజే పాట. కింద "ఏం కుక్క అన్నా! పిల్ల ఎంతకిస్తవ్?" అని కామెంట్లు. ముప్పై సెకన్లల్ల రీలు ఖతం. ఆ తర్వాత ముచ్చట మాత్రం ఎవలూ రీలు చెయ్యరు. కడుపు చీరుకపోయిన కుక్కను దవాఖానకు ఎవలు తీస్కపోయిండ్రు? దొరికిన పిలగాన్ని జైలు కాడ చూసి రానీకి ఎవలు పోయిండ్రు? ఆ రైతు మక్క చేను ఏమన్న దక్కిందా?

గీ మూడు ప్రశ్నలకు జవాబు ఎతుకుదాం. ఎందుకంటే ఊర్ల మన తమ్ముళ్లు కుక్కల మీద, బండి పెట్రోలు మీద పెడుతున్న పైసలు తక్కువ లెవ్వు. ఆ కుక్కల మీద ప్రేమ కూడ తక్కువ లేదు. కానీ ఆ ప్రేమ కుక్కను కాపాడుతలేదు, పిలగాన్ని కాపాడుతలేదు, పంటను అసలే కాపాడుతలేదు.

రైతు కోపం నిజమైందే

ముందుగాల ఒక మాట. అడవి పందుల బాధ ఉత్త ముచ్చట కాదు. మక్క, పల్లి, వరి, గడ్డలు.. ఏదీ ఇడిసిపెట్టది. ఒక్క రాత్రి మంద దిగిందంటే పొద్దుగాల రైతుకు మిగిలేది తొక్కిన చొప్పనే. పట్నంల ఏసీ గదిల కూసోని "పాపం మూగజీవం" అనుడు అల్కగనే ఉంటది. చేన్ల మంచె మీద నెల దినాలు నిద్ర లేకుండ కూసున్నోనికి ఆ మాట కడుపుల కారం పోసినట్టు ఉంటది.

ఆ కోపంలనే కొందరు చేను చుట్టు కరెంటు తీగ కడుతున్నరు. దానికి పంది ఒక్కటే చావది. పక్క చేను రైతు సచ్చిండు, మోటర్ పెట్టనీకి పోయిన కొడుకు సచ్చిండు అని పేపర్ల వానకాలమంత చదువుతనే ఉన్నం. నాటు బాంబు పెడితే బర్రె మూతి పేలుతది. ఉచ్చు పెడితే చిరుత పడుతది, మన కుక్కనే పడుతది. వీటన్నిటికన్న కుక్కలతోని ఎల్లగొట్టుడే మేలు గదా అని అడిగేటోళ్లు ఉన్నరు. ప్రశ్న సక్కనైందే. జవాబు చట్టంల ఉన్నది, కుక్క పెయ్యి మీద కూడ ఉన్నది.

చట్టం ఏమంటున్నది?

1972 వన్యప్రాణి చట్టం 9వ సెక్షన్ వేటను బంద్ పెట్టింది. వేటంటే సంపుడు ఒక్కటే కాదు. 2వ సెక్షన్ల అర్థం రాసిండ్రు: పట్టుడు, ఉచ్చు పెట్టుడు, తరుముడు, కుక్కలను ఇడిసి ఉరికిచ్చుడు, ఎర పెట్టుడు.. ఆఖరికి గట్ల చెయ్యాలని చూసినా అది వేటనే. "మేం సంపలే సార్, కుక్కలే పట్టినయి" అంటే కోర్టుల నడవది.

2022ల చట్టాన్ని మార్చిండ్రు, 2023 ఏప్రిల్ నుంచి అది అమలుల ఉన్నది. అడవి పంది గిప్పుడు షెడ్యూల్ 2ల ఉన్నది. మామూలు నేరానికి మూడేండ్ల దాక జైలు, లేకుంటే లక్ష దాక జుర్మానా, లేకుంటే రెండూ. ఉడుము, కృష్ణజింక అసోంటి షెడ్యూల్ 1 జీవాలైతే, లేదంటే అభయారణ్యం లోపట వేటాడితే, తక్కువల తక్కువ మూడేండ్లు, ఎక్కువల ఎక్కువ ఏడేండ్లు. వేటకు వాడిన బండి కూడ జప్తు అయితది. అప్పు తెచ్చి, కిస్తీలు కడుతున్న బండి!

ఇంకో సంగతి. నువ్వు పంది కోసమే ఇడుస్తవ్. కానీ కుక్కకు షెడ్యూల్ తెల్వదు. పొదల కెల్లి ఉడుము లేస్తే ఉడుమునే పడుతది. అప్పుడు కేసు కుక్క మీద కాదు, నీ మీద. రీలు పెట్టినవంటే సాక్ష్యం నీ చేతులతోని నువ్వే ఇచ్చినట్టు.

మరి రైతుకు తొవ్వ లేదా? ఉన్నది. అదే చట్టం 11వ సెక్షన్ల, పంటను పాడుజేసే షెడ్యూల్ 2 జీవాన్ని సంపనీకి అధికారం ఉన్న ఆఫీసర్ రాతపూర్వకంగ అనుమతి ఇయ్యొచ్చు. 2021ల తెలంగాణ సర్కారు ఆ అనుమతి పనిల సర్పంచులను కూడ ముందుకు తెచ్చింది. లిస్టుల పేరున్న షూటర్లే కాల్చాలె అన్నది. కాయిదం మీద మంచిగనే ఉన్నది. కానీ మీ ఊర్ల ఆ షూటర్ ఎవలు, ఏ ఊరి కెల్లి వస్తడు, పెట్రోలు పైసలు ఎవలిస్తరు? గ్రామసభల ఎవలన్న అడిగిండ్రా? పంది ఇయ్యాల రాత్రి వస్తది. షూటర్ వచ్చే నెల వస్తడు. ఆ నడిమిట్ల సందులకెల్లే కుక్కలు, తీగలు, బాంబులు దూరుతున్నయి.

దొరికేది ఎవలు?

వేట చరిత్ర చూస్తె అది ఎప్పుడూ పెద్దోళ్లకు సరదా, చిన్నోళ్లకు నేరమే. మెదక్ దిక్కు పోచారం, హైదరాబాద్ కాడి హరిణ వనస్థలి ఒకప్పుడు నిజాం వేట జాగలు. దొరలు వేటకు పోతే మనోళ్లు డప్పు కొట్టి జంతువులను తోలాలె, వెట్టికి. ఇంకో దిక్కు, కడుపు కోసం వేట మీద, అడవి మీద బతికే జాతులల్ల ఎన్నిటినో తెల్లోడు 1871ల "నేరస్థ జాతులు" అని రాసుడు మొదలువెట్టిండు. ఆ చట్టం 1952ల పోయింది గానీ పోలీసు, ఫారెస్టు మనుసులల్ల కెల్లి ఇంకా పూర్తిగ పోలే.

1998 కృష్ణజింక కేసుల సినిమా హీరో సల్మాన్ ఖాన్‌కు జోధ్‌పూర్ కోర్టు 2018ల అయిదేండ్ల శిక్ష ఏసింది. రెండు రోజులల్ల బెయిలు దొరికింది. బెయిలు తప్పని నేను అంటలేను. అదే బెయిలు నల్లమల చెంచు పిలగానికి, గుట్ట కింది కూలి పిలగానికి గంత జల్ది దొరుకుతదా? పూచీకత్తు ఎవలు పెడుతరు? వకీలుకు పైసలు ఏడికెల్లి వస్తయి? ఫామ్‌హౌజుల కెల్లి జీపుల మీద వచ్చి సరదాకు వేటాడేటోడు ఒకడు, కుక్కను పట్టుకోని వాని ముంగట ఉరికే ఊరి పిలగాడు ఒకడు. దాడి జరిగినప్పుడు జీపు పోతది, పిలగాడు దొరుకుతడు. తమ్మీ, ఆ తొవ్వల నువ్వు ఏ జాగల నిలబడ్డవో ఒక్కపారి చూసుకో.

మన కుక్కలు, మన సొమ్ము

కుక్కను సాదుడు మనకు కొత్త కాదు. గొల్ల కురుమల మంద ఎంబడి కుక్క లేకుండ ఉండది. చెంచు గుడిసె కాడ కుక్క ఇంటి మనిషి లెక్కనే. కర్నూలు జిల్లా పత్తికొండ దిక్కు పందికోన ఊరి పేరు మీద ఏకంగ ఒక జాతే ఉన్నది. ఆ ఊరి నీళ్లల్ల, మట్టిల దమ్మున్నదని జనం చెప్పుకుంటరు. కొల్లేరు దిక్కు జోనంగి కుక్క ఇంకో ముచ్చట. ఎంటికలు మస్తు పొట్టిగ ఉంటయి, సక్కగ మొరగది, ఒకరకం రాగం తీస్తది. బాతుల మందను మలపనీకి దాన్ని వాడేటోళ్లు. చేపల చెరువులు వచ్చి బాతుల కాపరులు తగ్గిపోయిండ్రు, కుక్క కూడ కరువైపోయింది. పని పోతే జాతి పోతదనేదానికి ఇది సాక్ష్యం.

పక్కన కర్ణాటకల చూడుర్రి. ముధోల్ కుక్క కూడ వేట కుక్కనే. 2016ల భారత సైన్యం మీరట్ల ఆ కుక్కలకు తర్ఫీదు మొదలువెట్టింది. వేట బందయినా కుక్కకు వేరే పని దొరికింది, జాతి నిలబడ్డది. మన మొయినాబాద్ల పోలీసు కుక్కల ట్రైనింగ్ సెంటర్ ఉన్నది. దేశంల ఫారెస్టోళ్లు వేటగాళ్లను పట్టనీకి కూడ కుక్క ముక్కునే వాడుతున్నరు. మరి పందికోన, జోనంగి కుక్కల మీద మన పశు యూనివర్సిటీలు, రెండు సర్కార్లు ఎంత పైస పెడుతున్నయి? గిది అడగాల్సిన ప్రశ్న.

దాని బదులు ఏమైతున్నది? ఏదో జాతిని ఏదో జాతితోని కలిపి, "పంది కుక్క" అని పేరు పెట్టి ఫోన్ల అమ్ముతున్నరు. 2017 కుక్కల పెంపకం రూల్స్ ప్రకారం పెంచి అమ్మేటోడు రిజిస్టర్ చేసుకోవాలె. 8 వారాలు నిండని పిల్లను అమ్మొద్దు. నెల కూడ నిండని పిల్లను తల్లి కాడి కెల్లి గుంజి అట్ట డబ్బాల పెట్టి బస్సుల పంపుతున్నరు. అది రోగమొచ్చి సస్తే "నీ తలరాత" అంటరు.

కుక్క పెయ్యి ఏం చెప్తది?

పంది కోర చేసే గాయం పైకి చిన్నగ కనబడుతది, లోపట జానెడు చీరుకపోయి ఉంటది. పసుపు అద్ది, కారం చల్లి, పెట్రోలు పోసి "అదే మానుతది" అంటే లోపట చీము పట్టి సస్తది. మంచి నీళ్లతోని కడిగి, శుభ్రమైన బట్టతోని గట్టిగ అదిమి పట్టి దవాఖానకు ఉరకాలె. పేగు బయటికొస్తే చేత్తోని లోపటికి నూకొద్దు, తడి బట్ట కప్పి తీస్కపోవాలె. మనుషుల నొప్పి గోలీలు ఎయ్యొద్దు, అవి కుక్క కడుపును, కిడ్నీలను ఖరాబు చేస్తయి.

వేట కోసమే కాదు, చేను కావలికో మందకో కుక్కను సాదేటోళ్లందరు గీ సంగతులు యాది పెట్టుకోవాలె:

- కడుపు నిండ తిన్నంక ఉరికియ్యొద్దు. ఛాతి లోతుగ ఉన్న కుక్కలకు పొట్ట ఉబ్బి మెలి పడుతది, గంటలల్ల ప్రాణం పోతది.
- ఎండకాలం పగటి పూట ఉరికియ్యొద్దు. కుక్కకు మన లెక్క పెయ్యంత చెమట రాదు, నాలుక బయటపెట్టి ఎగపోసుడే దానికి దిక్కు. కూలబడితే నీడకు తెచ్చి, పెయ్యి తడిపి, గాలి ఇసరాలె.
- పిడుదులు పోవాలని పత్తి మందు కుక్క మీద పోసుడు అంటే ఇసం పోసుడే. అసలు పిడుదులతోని నెత్తురు జ్వరం వస్తది, డాక్టర్ చెప్పిన మందే వాడాలె.
- పిల్లకు ఆరు నుంచి ఎనిమిది వారాలప్పుడు డిస్టెంపర్, పార్వో టీకాలు షురూ చెయ్యాలె, డాక్టర్ చెప్పిన లెక్కన మళ్ల మళ్ల ఏపియ్యాలె. మూడు నెలలకు రేబిస్ టీకా, తర్వాత ఏటా.
- పచ్చి పేగులు, కాలేజం, ఊపిరితిత్తి కుక్కకు ఎయ్యొద్దు. వాటిల నుంచి కుక్క కడుపుల పురుగు పుడుతది, దాని గుడ్లు మన చేతులకంటి మన కాలేజంల నీటి గడ్డలు కడుతయి.

కుక్కకు తిండి పెట్టకుండ, పొద్దంత గొలుసు కట్టి, పనికి రాకుంటే రోడ్డు మీద ఇడిసిపెట్టుడు కూడ నేరమే. కానీ 1960 జంతు హింస చట్టంల మొదటిసారి నేరానికి జుర్మానా 10 రూపాయల నుంచి 50 రూపాయలు! ఇయ్యాల యాభై రూపాయలకు చాయ్, రెండు సమోసాలు వస్తయి. కుక్క ప్రాణానికి చట్టం కట్టిన ధర గిది.

రోగం అడవికి పోతది, అడవి కెల్లి ఇంటికొస్తది

గుజరాత్ గిర్ అడవుల 2018 సెప్టెంబర్, అక్టోబర్ నెలల్ల 23 సింహాలు సచ్చినయి. వాటిల కొన్నిట్ల డిస్టెంపర్ వైరస్ దొరికింది. ఊరకుక్కల్ల మామూలుగ ఉండే రోగమే. ఆఫ్రికాల సెరెంగెటి అడవిల 1994ల గదే వైరస్ వేయి దాక సింహాలను తిన్నది. మనకు అమ్రాబాద్, కవ్వాల్ ఉన్నయి. టీకా లేని కుక్కల మందను రాత్రి అడవిల ఇడిసిపెట్టినమంటే పులి మీదికి తుపాకి లేకుండనే తూటా పంపినట్టు.

తిరుగు తొవ్వల రేబిస్ వస్తది. అడవిల పిచ్చి నక్క కరిసిన కుక్క ఇంటికొచ్చి పిల్లగాండ్లతోని ఆడుకుంటది. కుక్క కరిస్తే, గోరు గీరుకున్నా సరే, సబ్బు పెట్టి నల్లా కింద 15 నిమిషాలు కడగాలె. పసరు మందు పక్కన పెట్టి సర్కారు దవాఖానకు పోవాలె. రేబిస్ లక్షణాలు మొదలైనంక బతికించే మందు లేదు.

సుప్రీంకోర్టు 2025 ఆగస్టు నుంచి ఊరకుక్కల మీద ఆర్డర్ల మీద ఆర్డర్లు ఇస్తున్నది. నవంబర్ 7న బడులు, దవాఖానలు, బస్టాండ్ల కాడి నుంచి కుక్కలను తీసెయ్యమన్నది. టీవీలల్ల చర్చంత పట్నం కుక్కల మీదనే. పల్లెల సాదుకునే కుక్కకు టీకా ఎవలు ఏస్తరు, మండల పశువుల దవాఖానల కుక్క మందు ఎందుకు ఉండదు అనే చర్చ ఏ టీవీల రాదు.

అడగాల్సినయి అడుగుదాం

సర్కారును అడుగుదాం. పంది షూటర్ల లిస్టు గ్రామ పంచాయతి గోడ మీద ఫోన్ నంబర్లతోని రాయాలె. సోలార్ కంచెకు సబ్సిడీ చిన్న రైతుకు ముందు ఇయ్యాలె. కేంద్రం 2025 నవంబర్ల, అడవి జంతువులు చేసిన నష్టాన్ని 2026 వానకాలం నుంచి ఫసల్ బీమాల కలుపుతమని చెప్పింది. 72 గంటల్ల ఫోన్ల ఫోటో పెట్టాలె అన్నది. తెలంగాణ 2020ల ఆ స్కీం నుంచి బయటికొచ్చింది. మరి మన రైతుకు ఈ పైస ఎట్ల అందుతదో సాఫ్‌గ చెప్పాలె. ఊరూరా ఏడాదికొకపారి కుక్కల టీకా క్యాంపు పెట్టాలె.

మనం చేసే పని కూడ ఉన్నది. కుక్కను చేను గట్టు దాటనియ్యకుండ కావలికి అలవాటు చేద్దాం. మొరిగి మనల్ని లేపితే చాలు, మిగిలిన చప్పుడు మనం చేద్దాం. అడవిలకు తరుముడు బంద్ చేద్దాం. వచ్చే గ్రామసభకు ఒక్క కాయిదం తీస్కపోర్రి. అండ్ల రెండే ప్రశ్నలు రాయుర్రి: మా ఊరి షూటర్ ఎవలు? మా కుక్కలకు టీకా ఎప్పుడు? జవాబు రాతపూర్వకంగ వచ్చేదాక లేవకుర్రి.