కిటికీకి కర్రా, ప్లాస్టిక్కా?

సంస్కృతంలో కిటికీకి గవాక్షమని పేరు. ఆవు కన్నువంటిదని అర్థం. వాతాయనమని మరొక పేరున్నది. గాలి వచ్చే దారి అని దాని భావం. మనం రోజూ అనుకునే కిటికీ అన్న మాట ఉత్తరాది వారి ఖిడ్కీ. మా వైపు గుమ్మాన్ని దర్వాజా అంటాము, అది పారశీకం. మాటలు ఎక్కడినుంచి వచ్చినా మన ఇళ్ళలో ఇమిడిపోయాయి. ఇంతకాలమూ మాటలే మారాయి గాని వస్తువు మారలేదు. కిటికీ అంటే కర్ర చట్రము, ఇనుప చువ్వలు, రెండు రెక్కలు, అంతే. ఇప్పుడు వస్తువుకే ఎసరు వచ్చింది. కర్ర ఉండవలసిన చోట తెల్లగా, నున్నగా ప్లాస్టిక్ వచ్చి నిలబడుతున్నది.

2016 అక్టోబరు 11న, దసరా నాడు, పాత వరంగల్లు జిల్లాను విడదీసినప్పుడు జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి మూడూ జిల్లా కేంద్రాలయ్యాయి. కలెక్టరు కచేరీలు వచ్చాయి. కచేరీల వెంట ఉద్యోగులు, ఉద్యోగుల వెంట అద్దె ఇళ్ళు, అద్దె కట్టి కట్టి విసిగినవారి సొంత ఇళ్ళు. ఆ చివరి జాబితాలో మేమూ చేరాము. జనగామలో స్థలం కొన్నాము. బ్యాంకు అప్పు వచ్చింది. పునాది లేచింది. ఇక గోడ మొదలు పెట్టాలి. అప్పుడు మేస్త్రీ వచ్చి, “కిటికీలు ఏం పెడుతున్నరమ్మా? అది చెప్తే గాని నేను గోడ ఎత్త” అన్నాడు.

ఇదేమి పట్టుదల అనుకోకండి. అతని మాటలో న్యాయం ఉన్నది. కర్ర చట్రం గోడతోపాటు నిలబడుతుంది. ఇటుక వరుస లేస్తుండగానే చట్రాన్ని నిలబెట్టి, దానికి కొట్టిన ఇనుప పట్టీలను గోడలో పూడ్చి కట్టుకుంటూ పోతారు. ప్లాస్టిక్ చట్రం అట్లా కాదు. గోడ అయి, ప్లాస్టరింగు అయి, కొలత తీసుకున్న తరువాత షెడ్డులో తయారై వచ్చి మరలతో బిగుసుకుంటుంది. కాబట్టి ఈ తగవు తీరవలసింది ఇల్లు పూర్తయ్యాక కాదు, గోడ లేవక ముందే.

మా ఇంట్లో తగవు అంటే మూడు పక్షాలు. మావారు ప్లాస్టిక్ పక్షం. “రంగు వేయనక్కరలేదు, చెద బెడద లేదు, ఇంకేం కావాలి?” అంటారు. మా అత్తమ్మ టేకు పక్షం. మహబూబాబాదు దగ్గరి మా ఊళ్ళో పొలం గట్టు మీద మామయ్య నాటిన టేకు చెట్లు పద్నాలుగు ఉన్నాయి. “మీ మామయ్య ఇంటికోసమే పెట్టిండు బిడ్డా. ఆయన చూడకపాయె. కట్టెనన్న ఇంట్ల ఉండనీ” అన్నది. మూడో పక్షం నేను. తెలుగు పాఠం చెప్పుకునేదాన్ని కనుక ఏ సంగతీ రెండు వైపులా వినకుండా తీర్పు చెప్పలేను.

ముందు కర్ర సంగతి. గోదావరి పొడుగునా ఉన్న అడవి టేకుకు పుట్టినిల్లు. గోదావరీ ప్రాణహితా కలిసే కాళేశ్వరం భూపాలపల్లి జిల్లాలోనే ఉన్నది. ఆ ప్రాణహిత వెంట పైకి వెళ్తే వచ్చే చంద్రపురం వైపు అడవుల టేకే అయోధ్య రామమందిరం తలుపులకు వెళ్ళింది. ఆ తలుపులు చెక్కించినది హైదరాబాదు వారు. టేకుకు ఇంత పేరు ఊరికే రాలేదు. తడికి ఉబ్బటం, ఎండకు కుంచించుకుపోవటం మిగతా కర్రలకంటె దానిలో తక్కువ. ఒంట్లో నూనె ఉంటుంది. చెద దగ్గరికి రాదు.

అయితే ఇక్కడ ఒక మెలిక ఉన్నది. ఈ గుణాలన్నీ టేకు చేవవి. చేవ చుట్టూ ఉండే తెల్ల కర్రకు ఈ గుణాలు లేవు. దాన్ని చెద మామూలు కట్టెను తిన్నట్టే తింటుంది. చేవ ముదరటానికి చెట్టుకు ఏళ్ళు పట్టాలి. చేవ ఉన్న మనిషి, చేవ చచ్చిన మనిషి అని మనవాళ్ళు అనటం వట్టి అలంకారం కాదు, వడ్రంగి కొట్టంలోంచి వచ్చిన మాట.

మా ఊరి వడ్లాయనను గట్టు మీదికి తీసుకువెళ్ళాము. గాలివానకు ఒక చెట్టు అంతకుముందే పడి ఉన్నది. దాని మొదలు కోయించి చూపించాడు. నడుమ గోధుమ రంగు చేవ, చుట్టూ రెండు వేళ్ళ మందాన తెల్ల కర్ర. “అమ్మా, ఇరవై రెండేండ్ల చెట్టు. గింతే చేవ తేలుతది. ఇప్పుడే అన్నీ కొడితే ఎనిమిది కిటికీలకు సగం తెల్ల కట్టె పెట్టాలె. ఇంకో ఇరవై ఏండ్లు ఆగితే బంగారమైతది” అన్నాడు. పని పోగొట్టుకుంటూ నిజం చెప్పిన మనిషి మాట కనుక అత్తమ్మ కూడా కాదనలేదు. గట్టు మీదినుంచి చాలాసేపు కదలలేదు, అంతే.

మరొక సంగతి. చెట్టు మన పట్టా భూమిలోదే అయినా టేకును నరకటానికీ, తరలించటానికీ అటవీశాఖ అనుమతి ఉండాలి. అడితిలో కొన్నా రసీదు, పర్మిట్టు అడిగి తీసుకోవాలి. “చవగ్గా ఇస్తాను, రాత్రి బండి మీద దింపుతాను” అనేవాడి కర్ర ఎంత చేవదైనా మనకు వద్దు.

టేకు కాకపోతే? నల్లమద్ది బలమైనదే గాని, సరిగా ఆరకపోతే పగులుతుంది, మెలి తిరుగుతుంది. ఏగిస గట్టిది. కాని తడి తగిలితే పసుపు నీళ్ళు దిగి సున్నం గోడకు మరక పట్టిస్తుంది. వేపకు పురుగు భయం తక్కువ. అడితిలో మలేషియా సాలు, ఆఫ్రికా టేకు అని కూడా అమ్ముతారు. సాలు మంచిదే కావచ్చు, కాని అది టేకు కాదు. టేకు ధర దానికి ఇవ్వకూడదు. ఏ కర్రయినా ఆరి ఉండాలి. పచ్చి కర్రతో చేసిన చట్రం మొదటి ఎండాకాలానికే కూసాలు వదులు చేసుకుంటుంది.

ఇక ప్లాస్టిక్. దీని పేరు యూపీవీసీ. నీళ్ళ గొట్టాలకు వాడే పదార్థానికి దగ్గరి చుట్టం. బరువులో సగానికి పైగా క్లోరిను, అంటే ఉప్పునుంచి వచ్చే సరుకు; మిగతాది చమురునుంచో సహజవాయువునుంచో వస్తుంది. మెత్తబరిచే మందు కలపరు కనుక గట్టిగా ఉంటుంది. దీనితో కిటికీలు 1950ల దశకంలో జర్మనీలో మొదలయ్యాయి. అక్కడ బయటి చలిని ఆపటం వారి అవసరం. లోపలి వేడిని పోగొట్టటం మన అవసరం. ఈ తేడా మరువకూడదు.

దీని సుగుణాలు నిజమైనవే. చెద పట్టదు. తడికి ఉబ్బదు. మూలలు కరిగించి అతికిస్తారు కనుక నీరు దిగదు. రబ్బరు పట్టీలు దుమ్మును, చప్పుడును చాలావరకు ఆపుతాయి. భూపాలపల్లిలో మా ఆడబిడ్డ ఇల్లు ఉన్నది. వాళ్ళాయన సింగరేణిలో పని. పాత ఇంట్లో పొద్దున తుడిచిన బల్ల మీద సాయంత్రానికి వేలితో పేరు రాయవచ్చు, అంత బొగ్గు దుమ్ము. కొత్త ఇంటికి ప్లాస్టిక్ కిటికీలు పెట్టించిన తరువాత ఆ బాధ తగ్గిందని చెబుతుంది. అయితే ఆ దుమ్మంతా ఇప్పుడు రెక్కలు జరిగే పట్టాలలో చేరుతున్నది. వారానికోసారి పాత పళ్ళ బ్రష్షు పట్టుకుని కూర్చోవటం ఆమెకు కొత్త వ్రతమైంది.

లోపాలూ నిజమైనవే. ఎండకు ప్లాస్టిక్ కర్రకంటె ఎన్నో రెట్లు సాగుతుంది. ఐదడుగుల పట్టీకి 30 డిగ్రీల తేడాలో మూడు మిల్లీమీటర్ల దాకా వస్తుంది. అందుచేత చట్రానికీ గోడకూ మధ్య సందు వదిలి, మెత్తని పదార్థంతో పూడ్చాలి. సిమెంటుతో బిగించేస్తే వంగుతుంది. లోపల గాల్వనైజు చేసిన ఉక్కు పట్టీ ఉండాలి. అది కంటికి కనబడదు కనుక లేకుండానే అమ్మేవారుంటారు. కోసిన ముక్క చూపించమని అడగండి. తయారీలో టైటానియం డయాక్సైడు తగినంత కలపకపోతే ఎండకు పచ్చబడి పెళుసెక్కుతుంది. నిప్పు వెంటనే అంటుకోదు గాని, కాలితే వచ్చే ఆవిరి గొంతును మండిస్తుంది. వడ్రంగి పని చేసిన నాడు చిత్రిక పొట్టు పొయ్యిలోకి పోతుంది. ప్లాస్టిక్ ముక్కలను మాత్రం పెరట్లో తగలబెట్టకండి.

ఇల్లు చల్లగా ఉండటానికి ఏది మంచిదని చాలామంది అడుగుతారు. వేడిని పోనిచ్చే విషయంలో కర్రా యూపీవీసీ దాదాపు సమానమే. ఆ పరీక్షలో ఓడిపోయేది అల్యూమినియం. అసలు వేడి వచ్చేది చట్రంలోంచి కాదు, అద్దంలోంచి. మే నెలలో 44, 45 డిగ్రీల ఎండ పడమటి అద్దం మీద పడుతుంటే చట్రం టేకుదైతేనేం, మరొకటైతేనేం? రెండడుగుల సజ్జా, బయట ఒక వేపచెట్టూ ఏ కంపెనీ కిటికీకంటె ఎక్కువ పని చేస్తాయి.

గాలి సంగతి చూడండి. రెక్కలు పక్కకు జరిగే కిటికీ ఎంత పెద్దదైనా సగమే తెరుచుకుంటుంది. నాలుగడుగుల కిటికీకి డబ్బు కట్టి రెండడుగుల గాలి పీల్చుకుంటాము. బారుగా తెరుచుకునే రెక్కలైతే గాలి మొత్తం మనదే. ప్లాస్టిక్‌లో కూడా ఆ రకం ఉన్నది, అడిగితే చేస్తారు. వాతాయనమన్న పేరు దానికే తగును.

గాలి తరువాత కోతి. మహబూబాబాదు వైపు కోతుల బాధ పడనివారు లేరు. మా ఊళ్ళో మధ్యాహ్నం అన్నం గిన్నె మీద మూత పెట్టటంకంటె కిటికీ మూయటం ముఖ్యం. దోమ తెర వాటికి లెక్కలోది కాదు. జరిగే రెక్కను జరపటం కూడా నేర్చుకున్నాయి. కర్ర చట్రంలో చువ్వలు చట్రానికే దిగి ఉంటాయి. చువ్వల మధ్యనుంచి చెయ్యి పెట్టి రెక్క లాక్కోవచ్చు. ప్లాస్టిక్ పెట్టినప్పుడు ఇనుప గ్రిల్లు వేరే చేయించి గోడకు దించాలి. రెక్క బయటికి తెరుచుకునేదైతే గ్రిల్లు లోపలి వైపున ఉండాలి. ఈ సంగతి ముందు తేల్చుకోకపోతే రెక్క తెరుచుకోదు, లేదా చెయ్యి పట్టదు.

ఖర్చు లెక్క తెలివిగా వేయాలి. కర్రను ఘనపుటడుగుల్లో అమ్ముతారు, ప్లాస్టిక్ కిటికీని చదరపుటడుగుల్లో. నాలుగు అడుగుల చదరపు కిటికీకి నడిమి నిలువుతో కలిపి 20 అడుగుల కర్ర పడుతుంది. నాలుగంగుళాలు, రెండున్నర అంగుళాల మందమైతే 20ని 10తో హెచ్చించి 144తో భాగించండి. దాదాపు 1.4 ఘనపుటడుగులు వస్తుంది. ఎనిమిది కిటికీలకు 11 దాటుతుంది. దీనికి రెక్కల కర్ర, అద్దాలు, బందులు, గడియలు, వడ్రంగి కూలి, వార్నీషు, మళ్ళీ కొన్నేళ్ళకొకసారి వార్నీషు కలపాలి. ప్లాస్టిక్‌కైతే అదే కిటికీ 16 చదరపుటడుగులు. వారు చెప్పిన ధరలో అద్దం, దోమ తెర, బిగింపు, పన్ను ఉన్నాయా అని అడిగి, గ్రిల్లు ఖర్చు కలపండి. రెండు మొత్తాలూ ఒకే కాగితం మీద పక్కపక్కన రాసుకున్న తరువాతే బేరానికి వెళ్ళండి.

ఆ కాగితం మీద ఎక్కని పద్దు ఒకటి ఉన్నది, మరమ్మతు. కర్ర రెక్క బిగుసుకుంటే వడ్లాయన చిత్రికతో రెండు తోపులు తోస్తాడు. అరగంట పని. పదిహేనేళ్ళ తరువాత ప్లాస్టిక్ కిటికీ చక్రం విరిగితే ఆ కొలత చక్రం అప్పటికి దొరకాలి కదా! బిగించేటప్పుడే చక్రాలు, గడియలు రెండు జతలు అదనంగా తీసుకుని దాచుకోవటం మంచిది.

మా తీర్పు ఇది. పడమటి వైపు వాన కొట్టే రెండు కిటికీలకూ, స్నానాల గది, వంటింటి కిటికీలకూ ప్లాస్టిక్. తడి ఉన్న చోట, మా ఎర్రనేల చెద ఎక్కే చోట దానిదే పైచేయి. సజ్జా వసారా నీడ ఉన్న మిగతా నాలుగు కిటికీలకు అడితి టేకు చట్రాలు, చువ్వలు, బారు రెక్కలు. గట్టు మీద పడిన చెట్టునుంచి, అనుమతి తెచ్చుకుని కొట్టిన మరొక పెద్ద చెట్టునుంచి చేవ మాత్రమే తీయించాము. అది వీధి దర్వాజాకు సరిపోయింది. దర్వాజా నిలబెట్టిన రోజు అత్తమ్మే కడపకు పసుపు రాసి బొట్లు పెట్టింది. మిగతా పన్నెండు చెట్లూ గట్టు మీదనే ఉన్నాయి. మా అమ్మాయికి ఇప్పుడు పదకొండేళ్ళు. వడ్లాయన చెప్పిన ఇరవై ఏళ్ళు దాని లెక్కలో పడతాయి.

మీ ఇంటికి ఇదే తీర్పు సరిపోవాలని లేదు. నీడ ఉన్నదా, తడి ఉన్నదా, కోతి ఉన్నదా, నమ్మకమైన వడ్రంగి దగ్గరలో ఉన్నాడా, ఈ నాలుగూ చూసుకుని ఒక్కొక్క కిటికీకి విడిగా నిర్ణయం చేసుకోండి. ఇంటికంతటికీ ఒకే రకం ఉండాలని శాస్త్రంలో ఎక్కడా లేదు. మేస్త్రీకి మాత్రం గోడ లేవకముందే చెప్పండి.