రికార్డులు కాపీ కొట్టిస్తే పర్యావరణం బాగుపడుతుందా?



గత ఆదివారం మీ పత్రిక అనుబంధంలో వచ్చిన 'హరిత ప్రాంగణాలు' వ్యాసం చదివి ఒళ్లు మండింది. సోలార్ పలకలు పెట్టారు, మొక్కలు నాటారు, గ్రీన్ ఆడిట్ సర్టిఫికెట్ తెచ్చుకున్నారు కాబట్టి మన కళాశాలలు సుస్థిరాభివృద్ధికి బాటలు వేస్తున్నాయని తేల్చేశారు. అక్కడ పిల్లలకు ఏం నేర్పుతున్నారో ఒక్క వాక్యమైనా రాయలేదు.

డిగ్రీలో పర్యావరణ పాఠం ఊరికే రాలేదు. పర్యావరణ న్యాయవాది ఎం.సి. మెహతా పిటిషన్‌పై, ఈ పాఠం చెప్పించాలని 1991లో సుప్రీంకోర్టు తీర్పు ఇస్తే, 2003 నాటికి గానీ యూజీసీ డిగ్రీ కోర్సులన్నింటికీ సిలబస్ తయారుచేయలేదు. అందులో వందకు 25 మార్కులు క్షేత్ర పరిశీలనకే కేటాయించారు. దగ్గర్లోని చెరువో, కాలువో, కలుషితమైన చోటో స్వయంగా చూసి రాయాలన్నారు.

మా అమ్మాయి డిగ్రీలో ఉండగా ఆ పని నిజంగానే చేసింది. హాస్టల్ వంటశాల మురుగు పక్కనున్న పంటబోదెలో ఎక్కడ కలుస్తోందో చూసి, ఆ నీళ్లు పెట్టుకునే రైతులతో మాట్లాడి, బొమ్మ గీసి మరీ రాసింది. లెక్చరరు గారు ఆ పేజీలు చింపించి, "అందరూ రాసిందే రాసుకురా" అన్నారు. అందరూ రాసిందేమిటి? పాత బ్యాచ్ రికార్డులోంచి దించిన కొల్లేరు. జిరాక్సు షాపులో కొన్న కొంగల బొమ్మలు అతికించిన కొల్లేరు. గంట ప్రయాణంలో ఉన్న ఆ సరస్సుకు ఒక్కరినీ తీసుకెళ్లలేదు. మా పిల్ల రాత్రంతా ఏడుస్తూ మళ్లీ రాసింది. కళ్లతో చూసి రాసినదానికి శిక్ష, కాపీ కొట్టినవాళ్లకు పూర్తి మార్కులు! ఇదా ఉన్నత విద్య?

మీ పోటీ పరీక్షల పేజీదీ ఇదే దారి. చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో కొల్లేరు చేరిందెప్పుడు? 2002. అంతటితో బిట్టు అయిపోయింది. చేపల చెరువుల కోసం గట్లు వేసి ఆ సరస్సును ఎలా ముక్కలు చేశారో, 2006లో ఆ గట్లను ఎందుకు కొట్టేయాల్సి వచ్చిందో ఎప్పుడైనా వివరించారా?

పెద్ద చదువులు అక్కరకు రావని నేననడం లేదు. మార్టేరు వరి పరిశోధన కేంద్రంలో పుట్టిన స్వర్ణ రకం రాష్ట్రాలు దాటి పండుతోంది. పొలంలో దిగి పనిచేసిన శాస్త్రవేత్తల చలవే అది. మా పిల్లలకూ ఆ అవకాశం ఇవ్వమనే అడుగుతున్నాను.

ప్రతి కళాశాలా ఆ క్షేత్ర పరిశీలన తన ఊళ్లోనే చేయించాలి. పిల్లలు రాసిన నివేదికలు పంచాయతీకీ, మున్సిపాలిటీకీ పంపాలి. మీరు కూడా సర్టిఫికెట్లు పట్టుకున్న ఫొటోలు మానేసి, అలాంటి నివేదిక వారానికొకటి అచ్చు వేయండి.

– ఒక తండ్రి, పశ్చిమ గోదావరి జిల్లా