ముందే రాసిన కుస్తీ, ముగింపు లేని కథ

ఈమధ్య కొన్ని రాత్రులు అంతర్జాలం ముందు కూర్చుని, చిన్ననాడు దూరదర్శన్‌లో చూసిన కార్యక్రమాలను, కేబుల్ వచ్చిన కొత్తలో చూసిన కుస్తీలను వెదికి వెదికి మళ్ళీ చూశాను. కార్యక్రమాలంటే ఏళ్ళ తరబడి సాగినవి కావు. పదమూడు వారాలకో, ఇరవయ్యారు వారాలకో తెరమరుగైన అల్పాయుష్కులు. కుస్తీలంటే మేము ఏలూరులో డబ్ల్యూ డబ్ల్యూ ఎఫ్ అని పిలుచుకున్న అమెరికా కుస్తీలు. మొదటివాటి ప్రస్తావన వస్తే మా తరంవాళ్ళు నిట్టూరుస్తారు. రెండవవాటి ప్రస్తావన వస్తే నవ్వుతారు. నిట్టూర్పు సంగతి తరవాత చూద్దాం గాని, ఆ నవ్వు మాత్రం న్యాయమైనది కాదని ఈసారి నాకు గట్టిగా అనిపించింది.

ఆ నవ్వుకు నాకు తెలిసిన మూలపురుషుడు తాడేపల్లిగూడెంలో ఉండే మా బాబాయి. వేసవి సెలవులకు వాళ్ళింటికి వెళితే పిల్లలమంతా టీవీకి అతుక్కుపోయేవాళ్ళం. ఆయన గుమ్మంలో నిలబడి, "ఒరేయ్, అదంతా దొంగ కుస్తీరా. ఎవడు గెలవాలో ముందే రాసేసుకుంటారు. మీరేమో గుడ్లప్పగించి చూస్తున్నారు" అనేవాడు. మేము ససేమిరా ఒప్పుకునేవాళ్ళం కాదు. అండర్‌టేకర్ ఏడుసార్లు చచ్చి లేచాడని మా దగ్గర తిరుగులేని సమాచారం ఉండేది. మా జేబుల్లో ట్రంప్ కార్డులుండేవి. ఒక్కొక్క మల్లుడి ఎత్తు, బరువు, ఛాతీ, ఎన్ని కుస్తీలు గెలిచాడన్నది వాటిమీద అంకెల్లో ఉండేది. అచ్చులో ఉన్నది అబద్ధమెలా అవుతుంది?

బాబాయి మాటే నిజం. పైగా మేము వాదించుకునేనాటికే ఆ సంగతి తేలిపోయింది. తమది వినోద ప్రదర్శనే గాని పోటీ క్రీడ కాదని 1989లో ఆ సంస్థవారే న్యూజెర్సీ రాష్ట్ర సెనేటుకు చెప్పుకున్నారు. క్రీడలమీద ఉండే ప్రభుత్వ పర్యవేక్షణను, పన్నులను తప్పించుకోవడానికి చెప్పిన నిజం అది. ఆ నిజాన్ని తాడేపల్లిగూడెం దాకా మోసుకొచ్చినవాడు మా బాబాయి ఒక్కడే. కాబట్టి ఫలితం ముందే రాసిపెట్టినదన్న విషయంలో నాకిప్పుడు పేచీ లేదు. పేచీ అంతా "దొంగ" అన్న మాటతోనే.

1987 మార్చి 29న మిషిగన్ రాష్ట్రంలోని పాంటియాక్‌లో మూడవ రెజిల్‌మేనియా జరిగింది. హల్క్ హోగన్ ఆండ్రే ది జెయింట్‌ను ఎత్తి పడేసిన కుస్తీ అది. చిన్నప్పుడు ఆ దృశ్యంలో నేను హోగన్‌ని చూశాను. ఇప్పుడు ఆండ్రేని చూశాను. ప్రచారంలో 520 పౌన్లని చెప్పిన ఆ మహాకాయుడు అప్పటికే వెన్నుకు శస్త్రచికిత్స చేయించుకుని, దుస్తుల కింద పట్టీ బిగించుకుని బరిలోకి దిగాడు. ఎత్తబడేవాడు సహకరించకపోతే అంత బరువును ఎత్తడం ఎవరి తరమూ కాదు. ఎత్తినవాడు ఒడుపుగా దించకపోతే పడేవాడి మెడ దక్కదు. ఫలితం కల్పితమే గాని పడటం కల్పితం కాదు. బరిలో పైకి కనిపించే గుడ్డ కింద ఉన్నది పలచని మెత్త, దాని కింద చెక్కపలకలు, ఉక్కు దూలాలు. కథ ముందే తెలిసినంత మాత్రాన వెన్నుకు నొప్పి తగ్గదు. ఆండ్రే 1993 జనవరిలో, 46 ఏళ్ళకే కన్నుమూశాడు.

ఇలాంటి కల్పనను మనం మనవాళ్ళ దగ్గర ఎన్నడూ దొంగతనం అనలేదు. 1963లో వచ్చిన "నర్తనశాల"లో భీముడి వేషం దండమూడి రాజగోపాల్‌ది. బరువులెత్తడంలో పేరు మోసిన నిజమైన బలశాలి ఆయన. విరాటుని కొలువులో జరిగే మల్లయుద్ధంలో గెలుపు ఎవరిదో భారతం తెలిసిన ప్రతి ముసలమ్మకూ తెలుసు. తెలిసే చూశారు, తెలిసే చప్పట్లు కొట్టారు. 1987 జనవరి 25న దూరదర్శన్‌లో "రామాయణం" మొదలయ్యాక, కొల్లేటి లంకల్లో ఉన్న మా బంధువుల ఊళ్ళో ఆదివారం పొద్దున్న ఊరంతా పంచాయతీ టీవీ ముందు చేరేది. కొల్లేటి గాలికి యాంటెన్నా పక్కకు తిరిగిపోతే ఒక కుర్రాడు గడకర్ర పట్టుకుని కార్యక్రమం అయ్యేదాకా బయటే నిలబడేవాడు. ఆ ధారావాహికలో హనుమంతుడు దారాసింగ్. ఒకప్పుడు కింగ్ కాంగ్ అనే పేరుగల మల్లుడితో టిక్కెట్టు కుస్తీలు పట్టిన మనిషే ఆయన. తెరమీద ఆయన కనబడగానే చేతులు జోడించినవాళ్ళలో ఒక్కరు కూడా "సంజీవని పర్వతం అట్టముక్కరా" అనలేదు.

మా బాబాయి సంగతే తీసుకోండి. గోదావరి జిల్లాల్లో ఆయన ఈడువాళ్ళందరిలాగే పద్యనాటకాల పిచ్చి ఉన్నవాడు. రాత్రంతా మేలుకుని హరిశ్చంద్ర కాటిసీను చూసి, పద్యం నచ్చితే "వన్స్ మోర్" అని అరిచిన గొంతు ఆయనది. చచ్చిపడిన పాత్రధారి ఆ అరుపులకు లేచి, పద్యం మళ్ళీ పాడి, మళ్ళీ చచ్చిపోయిన కథలు మన వైపు ఊరికొకటి ఉన్నాయి. ఆ చావును నమ్మి ఏడ్చినవాడు అండర్‌టేకర్ చచ్చి లేస్తే మాత్రం నవ్వాడు.

కల్పన అని తెలిసి చూడటం మోసపోవడం కాదు. అది చేసేవాడికీ చూసేవాడికీ మధ్య ఒక ఒప్పందం. కుస్తీలో అదనంగా మరొకటి ఉంది. నిన్ను పడేస్తాను గాని నీకు దెబ్బ తగలనివ్వనని ప్రత్యర్థులిద్దరూ చేసుకునే ఒప్పందం. ఏ రాతకోతలూ లేని, పూర్తిగా నిజమైన పోటీ కావాలంటే మన జిల్లాల్లో సంక్రాంతికి కోడిపందెం ఉండనే ఉంది. చట్టం కాదన్నా బరి గీస్తూనే ఉన్నారు. అక్కడ ఫలితం ఎవరూ ముందుగా రాయరు. కాలికి కత్తి కట్టిన పుంజుకు ఎదుటి పుంజుతో ఏ ఒప్పందమూ లేదు. అందుకే ఒకటి చస్తుంది. ఈ రెండు బరుల్లో ఏది మనుషులకు తగినదో నేను వేరే చెప్పనక్కరలేదనుకుంటాను.

కుస్తీలో అసలు మోసం జరగలేదని కాదు. జరిగింది. అయితే అది ఒప్పందం వల్ల కాదు, ఒప్పందం తప్పడం వల్ల. 1997 నవంబరు 9న మాంట్రియల్‌లో బ్రెట్ హార్ట్ తన సొంత దేశపు జనం ముందు షాన్ మైకేల్స్‌తో తలపడ్డాడు. ఎదుటివాడిని గాయపరచకుండా కుస్తీ పట్టడాన్ని గర్వంగా చెప్పుకున్న మనిషి ఆయన. అతను ఓటమి ఒప్పుకోకుండానే యజమాని విన్స్ మెక్‌మేన్ గంట కొట్టించి, అతనికి చెప్పిన ముగింపును మార్చేశాడు. అతని తమ్ముడు ఓవెన్ హార్ట్ 1999 మే 23న కాన్సస్ సిటీలో పైకప్పు నుంచి తాడుమీద బరిలోకి దిగే విన్యాసంలో, పట్టు ముందే విడిపోయి కిందపడి మరణించాడు. ఆ రాత్రి మిగతా ప్రదర్శన ఆపలేదు. "అంతా ఉత్తుత్తిదే" అని నవ్వేవాళ్ళు ఇక్కడ జవాబు చెప్పాలి. ఉత్తుత్తిదనుకోవడం అలవాటైన చోట మనిషి పడినా, అది కూడా ఆటలో భాగమేననుకునే ప్రమాదం ఉంది.

తెలిస్తే రుచి పోతుందన్న భయమూ అక్కరలేదు. 2023 సెప్టెంబరు 8న ఆ సంస్థ హైదరాబాదు గచ్చిబౌలి స్టేడియంలో ప్రదర్శన ఇచ్చినప్పుడు జాన్ సీనా కోసం గొంతు చించుకున్న కుర్రాళ్ళలో ఫలితం ముందే రాసి ఉంటుందని తెలియనివాడు లేడు. మొన్న తాడేపల్లిగూడెం వెళ్ళినప్పుడు బాబాయికి ఆ పాంటియాక్ కుస్తీ చూపించి ఆండ్రే వెన్ను సంగతి చెప్పాను. కళ్ళజోడు సవరించుకుని రెండోసారి చూశాడు. "అయితే ఎత్తినోడు కాదురా, ఎత్తనిచ్చినోడు గొప్పోడు" అన్నాడు.

ఇక నిట్టూర్పు సంగతి. కుస్తీకి ముగింపు ముందే ఉంటుంది. అల్పాయుష్కు కార్యక్రమాలకు చాలాసార్లు ముగింపే ఉండదు. "స్ట్రీట్ హాక్" గుర్తుందా? మాయా మోటారు సైకిలు మీద రాత్రిపూట దొంగలను తరిమే పోలీసు కథ. అమెరికాలో 1985 జనవరిలో మొదలై మే నెలకల్లా ఆగిపోయింది. మొత్తం పదమూడు భాగాలు. పుట్టినచోట బతకని ఆ కథ మన దూరదర్శన్‌కు వచ్చి, ఇక్కడి పిల్లల సైకిళ్ళకు హారన్ల బదులు నోటితో చేసే రొద నేర్పింది. మళ్ళీ చూస్తే కథ నీరసంగానే ఉంది. కాని చివరి భాగం అయ్యాక, ఆ రహస్యం ఏమైందో ఎన్నటికీ తెలియదన్న వెలితి చిన్నప్పటిలాగే తాకింది. చూసేవాడితో చేసుకున్న ఒప్పందాన్ని వ్యాపారం మధ్యలో తెంచేసిన సందర్భమది.

పదమూడు వారాల్లోనే ఒప్పందం నిలబెట్టుకున్నవీ ఉన్నాయి. కేతన్ మెహతా తీసిన "మిస్టర్ యోగి" 1989లో వచ్చింది. అమెరికా నుంచి దిగిన పెళ్ళికొడుకు రాశికొకరు చొప్పున పన్నెండుమంది అమ్మాయిలను చూడటం కథ. పదమూడు భాగాలకు అచ్చంగా సరిపోయిన ఎత్తుగడ. ఇప్పటి డైలీ సీరియళ్ళలో ఆ పెళ్ళిచూపులే పన్నెండు నెలలు నడుస్తాయి. గడువు తెలిసి రాసిన కథకు ఉండే బిగువు మళ్ళీ చూసినప్పుడే బాగా తెలిసింది.

అసలు తెలుగు పల్లెలు చూసిన తొలి టెలివిజనే అల్పాయుష్కురాలు. 1975 ఆగస్టు 1న మొదలైన సైట్ ప్రయోగంలో ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లోని దాదాపు 2,400 గ్రామాలకు ఉపగ్రహం ద్వారా కార్యక్రమాలు అందాయి. ఉపగ్రహం నాసాది. ఏడాది గడువు తీరగానే, 1976 జులై 31తో ఆ ప్రసారాలు ముగిశాయి. ఆ పల్లెల్లో ఆ ఏడాది ఎవరు ఏమి చూసి ఏమనుకున్నారో మనవాళ్ళు చెప్పినది నా కంట అరుదుగానే పడింది.

నాకు అసలు బాధ ఇక్కడుంది. 1987లో పాంటియాక్‌లో ఒక మనిషి మరొక మనిషిని ఎత్తిన క్షణం కావాలంటే ఏలూరులో కూర్చుని అర నిమిషంలో చూడగలను. ఎందుకంటే ఆ సంస్థ తన టేపులను దాచుకుంది. 2001లో పోటీ సంస్థ డబ్ల్యూ సి డబ్ల్యూను కొన్నప్పుడు దాని టేపులనూ దక్కించుకుంది. మనం "దొంగ" అన్నవాళ్ళకు తమ పనిమీద ఉన్న గౌరవం అది. 1977లో మొదలైన హైదరాబాదు దూరదర్శన్‌లో వచ్చిన పదమూడు వారాల తెలుగు నాటికలు, హాస్యాలు, కథానికలు వెదికితే నాకు దొరికినవి వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. ధర్మవరపు సుబ్రహ్మణ్యం అనగానే ఇప్పటి పిల్లలకు సినిమాలే తెలుసు. ఆయన దూరదర్శన్‌లో "ఆనందో బ్రహ్మ"తో ఇల్లిల్లూ నవ్వించాకే సినిమాల్లో అంత పేరు వచ్చిందని చెబితే ఆశ్చర్యపోతారు. 2020 మార్చి 28 నుంచి "రామాయణం" మళ్ళీ ప్రసారమైతే దేశమంతా చూసింది. పెద్దవాటిని భద్రంగా ఉంచినట్టే చిన్నవాటినీ ఉంచి ఉంటే, ఉన్నవాటిని తీసి జనం ముందు పెడితే బాగుంటుంది.

అది సంస్థలు చేయవలసిన పని. మనం చేయగలిగినదీ ఒకటుంది. బ్లాగ్మిత్రులారా, ఉత్త నిట్టూర్పులు వద్దు. మీకు గుర్తున్న ఒక్క అల్పాయుష్కు తెలుగు కార్యక్రమం గురించి ఒక టపా రాయండి. ఏ ఏడు, ఏ వారం, ఎవరు నటించారు, ఏ ఊళ్ళో ఎవరింట్లో చూశారు, ఎక్కడ ఆగిపోయింది. తప్పులుంటే వ్యాఖ్యల్లో మరొకరు దిద్దుతారు. యాంటెన్నా గడకర్ర పట్టుకుని బయట నిలబడిన కుర్రాడు తాను వినడమే తప్ప చూడలేకపోయిన భాగాల గురించి రాసినా సరే. నావంతుగా కొల్లేటి లంకలోని ఆ ఊళ్ళో అడిగి, పంచాయతీ టీవీలో రామాయణం తప్ప మరేమేమి చూశారో వచ్చే టపాలో రాస్తాను.