ఎండ మీద వేసిన భారం

వరద వస్తే వానను, పంట పోతే గాలిని నిందించడం మన పాలకులకు అలవాటు. 2020 మార్చిలో మాత్రం వాతావరణాన్ని నిందించలేదు, నమ్ముకున్నారు. ఎండలు ముదిరితే కరోనా దానంతటదే చస్తుందని అధికార పీఠాల నుంచీ, టీవీ తెరల నుంచీ ప్రజలకు ధైర్యం చెప్పారు. వేడి ప్రాంతాల్లోనూ ఈ వ్యాధి వ్యాపిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అప్పుడే చెప్పింది. ఎవరు విన్నారు?

ఏడాది తిరిగింది. 2021 వేసవిలో, మే నెల మొదట్లో, దేశంలో ఒక్కరోజు కేసులు నాలుగు లక్షలు దాటాయి. డెల్టా రకం విజృంభిస్తున్న ఆ రోజుల్లోనే పశ్చిమ బెంగాల్‌లో ఎనిమిది విడతల ఎన్నికలు సాగాయి, హరిద్వార్‌లో కుంభమేళా జరిగింది. ఢిల్లీలో ప్రాణవాయువు అందక రోగులు మరణించారు. నడివేసవి ఎండ ఎవరినీ కాపాడలేదు.

అలాగని వాతావరణానికి పాత్రే లేదనడం మరో మూర్ఖత్వం. చల్లని పొడిగాలిలో ఫ్లూ వైరస్ ఎక్కువసేపు నిలుస్తుంది. మన నోటి తుంపరలు త్వరగా ఎండి, తేలికై గాలిలో తేలుతాయి. శ్రీనగర్‌లో ఫ్లూ చలికాలంలో పెరగడానికి ఇదొక కారణం. కానీ చెన్నై, పుణె వంటి చోట్ల అది వానాకాలంలో పెరుగుతుంది. చలి ఒక్కటే కారణమైతే ఇదెలా సాధ్యం? వానకు తలుపులు మూసుకుని, గాలి ఆడని గదుల్లో గుమిగూడటం కూడా వ్యాప్తికి దారి తీస్తుంది. ఎండకు కిటికీలు బిగించి ఏసీ వేసుకున్నా జరిగేది అదే: ఒకరు విడిచిన గాలినే మరొకరు పీలుస్తారు.

రుతువును ఏ ప్రభుత్వమూ మార్చలేదు. గదిని మార్చగలదు. తరగతి గదికి ఎన్ని కిటికీలుండాలో, బస్సులో ఎందరిని కుక్కవచ్చో, ఆసుపత్రి వరండాలో గాలి ఎలా ఆడాలో నిర్ణయించేది మేఘాలు కావు, బడ్జెట్లు. రుతుపవనాల రాకను ముందే చెప్పి రైతును సిద్ధం చేసే రాజ్యం, అదే వానతో వచ్చే ఫ్లూకు వృద్ధులనూ గర్భిణులనూ ఎందుకు సిద్ధం చేయదు? సార్వత్రిక టీకా కార్యక్రమంలో ఫ్లూ టీకాకు నేటికీ చోటు లేదు. చాలావరకు కొనుక్కోగలవారికే ఆ రక్షణ.

వాతావరణం మనకు ఏటా ముందస్తు నోటీసు ఇస్తూనే ఉంది. దాన్ని చదవని పాలకుడికి ఎండను నమ్ముకునే హక్కూ లేదు, వానను నిందించే హక్కూ లేదు.